చారల తాడు

పొద్దున్న ఆరింటికి మా అత్తయ్య పులిసిన గుర్రప్పాలు గిన్నెనిండా పోసి రెండు చేతులతో నాకు అందించింది.

“తాగు జౌరేష్. ఒంట్లో బలం లేకుండా నలభై రెండు కిలోమీటర్లు ఎట్లా పరిగెడతావు?”

పరుగు రోజున అలవాటు లేనిది కడుపులో వెయ్యకూడదు. ఆర్నెల్లుగా ప్రతి ఆదివారం అరటిపండూ జావా తప్ప ఏమీ ముట్టకుండా పరిగెత్తినదాన్ని, ఆ మాత్రం తెలియదా? కానీ ఆ పాలు ఆవిడ పుట్టిన ఊరినుంచి తెప్పించినవి. అత్తగారు ఇచ్చిన గిన్నెని కోడలు వెనక్కి నెట్టడం మా ఇళ్లలో లేదు. యాభై ఒక్కేళ్లొచ్చి, నాకూ ఒక కోడలు వచ్చాక కూడా, నోరెత్తకుండా తాగేశాను.

అసలు నా భయం పతకం గురించి కాదు, తాడు గురించి.

మధ్యాహ్నం పరుగు ముగిసే పార్కులోనే నా మనవడు ఎర్సాయిన్ కాళ్ల తాడు కొయ్యాలని అనుకున్నాం. వాడికి పదమూడో నెల. నిలబడతాడు, అడుగు వెయ్యడు. నలుపూ తెలుపూ పేనిన తాడు కాళ్లకి కట్టి ఎవరిచేత కోయిస్తే వాళ్ల నడకే పిల్లలకి వస్తుందని మా నమ్మకం. వారం కిందట నా కోడలు సాల్తానత్ నన్నే కొయ్యమంది. మా తోడికోడలు బాగ్దాగుల్ టీ కప్పు కింద పెట్టి నవ్వింది.

“నువ్వా? పోయినేడు ముప్ఫై ఒకటో కిలోమీటరు దగ్గర కూలబడి బస్సులో వచ్చావు కదే! పిల్లాడు కూడా సగం దారిలో కూర్చుని బస్సు కోసం చూస్తాడు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చివరికి అత్తయ్యే తేల్చింది. “ఈసారి చివరిదాకా వస్తే జౌరేష్ కోస్తుంది. రాకపోతే బాగ్దాగుల్.” తానే ఉన్ని పేని, తాడు నా నడుం సంచీలో పెట్టింది. “ఇది కూడా నీతో పరిగెత్తి రానీ.”

ఏడున్నరకి మొదలు. ఆరు గంటల గడువు. ఒంటిగంటన్నరకి మూసేస్తారు.

పదకొండో కిలోమీటరు దగ్గర కడుపులో పాలు కదిలాయి. పద్నాలుగు దగ్గర మరుగుదొడ్డి ముందు వరసలో నిలబడి, నా ముందున్న ఏడుగురినీ మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై దగ్గర మళ్లీ. ఇరవై ఆరు దగ్గర వరస కూడా లేదు, నాతో పరిగెత్తేవాళ్లంతా వెళ్లిపోయారు. మొత్తం ముప్పావుగంట పోయింది. నీళ్లు తాగితే తిప్పుతోంది, తాగకపోతే కళ్లు తిరుగుతున్నాయి.

ముప్ఫై ఒకటో కిలోమీటరు బోర్డు కనబడగానే కాళ్లు వాటంతట అవే నెమ్మదించాయి. పోయినేడు కూర్చున్న అరుగు అక్కడే ఉంది. అటు చూడకుండా ఉండడానికి వంగి బూటు బిగించాను. భయంలో ఎంత గట్టిగా లాగానో, కుడి బూటు లేసు పుటుక్కున తెగింది.

ముడి వేద్దామంటే మిగిలిన ముక్క చాలలేదు. లేసు లేని బూటుతో నాలుగడుగులు వేస్తే మడమ బయటికొచ్చేస్తోంది. సంచీలో వేలంత సీసా తేనె, చేతిరుమాలు, ఇంకా ఆ తాడు. పిల్లాడి తాడు. తీసి, లోపల పెట్టి, మళ్లీ తీశాను. పాపమో పుణ్యమో తెలియదు. బూటు చుట్టూ రెండు మెలికలు తిప్పి కట్టేసుకున్నాను.

ముప్ఫై ఏడు దగ్గర, వెనకబడినవాళ్లని ఎక్కించుకునే బస్సు నా పక్కకొచ్చి మెల్లగా నడిచింది.

“ఎక్కెయ్ అక్కా,” అన్నాడు డ్రైవరు కిటికీలోంచి. “నీ వెనక ఇంకెవరూ లేరు. ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.”

“నే రాను.”

“గడువులోగా నడిచి చేరలేవు. పోనీ, చివరి మలుపు ముందు దింపేస్తా, అక్కణ్ణుంచి పరిగెత్తుకుంటూ వెళ్లు. ఎవడు చూడొచ్చాడు?”

తలుపు తెరిచాడు. లోపలి సీట్లు మెత్తగా కనిపించాయి. ఎర్సాయిన్ కాళ్లు గుర్తొచ్చాయి, బాగ్దాగుల్ నవ్వు గుర్తొచ్చింది. కుడికాలు మెట్టుమీద పెట్టాను కూడా. మెట్టుమీద ఆ నలుపు తెలుపు తాడు కనిపించింది. ఎదుటివాళ్ల చారల తాడు దాటకు అని మా పెద్దలు ఊరికే అనరు. ఒకళ్లని మోసం చెయ్యకు అని. నేనైతే ఆ తాడు కట్టుకునే మెట్టెక్కుతున్నాను.

కాలు తీసేశాను.

“మొండిఘటానివి,” అని తలుపు వేసుకున్నాడు.

తరవాత దారిమీద బారికేడ్లు తీసేస్తున్నారు. కార్లు వదిలారు. కాలిబాట మీదకి ఎక్కి, సంతకి వెళ్లొచ్చేవాళ్ల సంచుల మధ్యనుంచి పరిగెత్తాను. పార్కులోకి వెళ్లేసరికి, పరుగు ముగిసేచోట గాలి నింపి నిలబెట్టిన తోరణంలో గాలి తీసేస్తున్నారు. దాని పక్కగా ముగింపు గీత ఉండే చోటు దాటాను.

గడ్డిలో పిల్లాడు నడవడానికి పొడుగాటి తెల్లగుడ్డ పరిచి ఉంది. బాగ్దాగుల్ చేతిలో కత్తి ఉంది.

“ఒకటీ నలభై ఏడు,” అంది. “గడువు అయిపోయింది. పతకం కూడా లేదుగా. చుట్టాలు ఆకలితో ఉన్నారు, అత్తయ్యా.”

అత్తయ్య నన్నే చూసింది. “బస్సెక్కావా?”

“ఒక కాలు పెట్టాను. తీసేశాను.”

“తాడేది?”

బూటు చూపించాను. బురద పట్టి ఏది నలుపో ఏది తెలుపో తెలియడం లేదు.

“అయ్యయ్యో, పిల్లాడి తాడుని బూటుకి కట్టుకుందమ్మా ఈవిడ!” అంది బాగ్దాగుల్.

కింద కూర్చుని విప్పబోయాను. ఉన్ని చెమటకి బిగుసుకుపోయింది. ముడి ఊడలేదు. అత్తయ్య బాగ్దాగుల్ చేతిలో కత్తి లాక్కుని, డెబ్బై తొమ్మిదేళ్ల మోకాళ్లు వంచి నా పాదం దగ్గర కూర్చుంది. ఒక్క కోతతో ముడి తెగింది.

“పాలు పడలేదు కదూ?” అంది తలెత్తకుండా.

“పడలేదు.”

“చెప్పొద్దూ మరి?”

“మీరిచ్చారుగా.”

తెగిన తాట్లో పొడుగు ముక్క చూసి తీసుకుంది. “కడిగి కట్టనా?” అని సాల్తానత్ అడిగితే, “వద్దు, చివరిదాకా వచ్చిన తాడు,” అని అలాగే ఎర్సాయిన్ కాళ్లకి కట్టింది. కత్తి నా చేతిలో పెట్టింది.

కోశాను. సాల్తానత్ వాడి చేతులు వదిలేసింది.

ఒక అడుగు. రెండు. మూడో అడుగుకి తూలి, గుడ్డ మధ్యలో చతికిలబడ్డాడు. సరిగ్గా సగం దారిలో.

పిల్లాడు నడవగానే అందరిమీదా చల్లడానికి పట్టుకున్న చాక్లెట్లు బాగ్దాగుల్ గుప్పిట్లోనే ఉన్నాయి.

ఎర్సాయిన్ నావైపు చూశాడు. తరవాత రెండు అరచేతులూ నేలకి ఆనించి, వెనకభాగం పైకెత్తాడు.