సీట్ల మేస్త్రి కొన్న మిలటరీ లారీ

రండి, రండి, అందరూ ఇటు జరగండి. గోడవార గుసగుసలాడుతున్న వదినలిద్దరూ ఆ కబురు ముగించుకుంటే మొదలుపెడతాను. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేసుకోండి, మధ్యలో దగ్గితే కథ బెదిరి ఎటో పోతుంది. ఇది నిద్ర కథ గనక ఎవరైనా కునికినా నాకేం కోపం లేదు. గురక మాత్రం పెట్టొద్దు. ఈ కథలో గురక పెట్టే హక్కు ఒక్క మనిషిదే.

ఒక ఊళ్ళో సీట్లు కుట్టే మేస్త్రి ఉండేవాడు. బస్సు సీట్లు, కారు సీట్లు, సోఫాలు, డాక్టరుగారి బల్ల మీది పరుపు, అన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. ఆయనది ఒకటే పంతం. కూర్చుంటే సీటు కిర్రుమనకూడదు. ఎక్కడైనా కిర్రుమందంటే నలుగురిలో తనని పట్టుకుని తిట్టినట్టు ముఖం మాడిపోయేది. ఆయన కుట్టిన సోఫాలోంచి చుట్టం లేచి వెళ్ళిపోయినా ఇంటివాళ్ళకి తెలిసేది కాదు. పొద్దుగూకేదాకా ఖాళీ సోఫాతో మాట్లాడుతూనే ఉండేవారు.

ఆయన భార్య నేత మిల్లులో పనిచేసేది. షెడ్డు నిండా మగ్గాలు, అన్నీ ఒక్కసారే ఆడేవి. తెగిన పోగు ఎక్కడుందో పట్టుకుని ముడేయడం ఆమె పని. ఆ మోతలో మాట వినపడదు గనక అక్కడి ఆడవాళ్ళు పెదాలు చూసుకుంటూ కబుర్లు చెప్పుకునేవారు. అంత గోలలో పగలంతా గడిపి, మిల్లు గోడకి ఆనుకున్న ఇంట్లో, అదే గోల వింటూ హాయిగా నిద్రపోయేది. నిద్రలో కూడా వేళ్ళు ఊరుకునేవి కావు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో ముడులు వేస్తూనే ఉండేది. ఆ వేళ్ళు కదిలాయంటే ఆమె నిజంగా నిద్రపోయిందని మేస్త్రికి గుర్తు.

మిల్లు మూసేశారు. మగ్గాలు పాత ఇనుములోకి పోయాయి. అక్కడితో ఆమె కంటి మీద కునుకు పోయింది.

కునుకు పోవడమంటే రాత్రి లేదు, పగలు లేదు. ఆమె పైకప్పుకేసి అదేపనిగా చూస్తుంటే అక్కడి బల్లికి సిగ్గేసి పక్కింటికి కాపురం మార్చేసింది. డాక్టరుగారు మాత్రలిచ్చాడు. మాత్రలు కడుపులోకెళ్ళి అవి నిద్రపోయాయి గానీ ఆమె నిద్రపోలేదు. కడిగిన బియ్యం తీగ మీద ఆరేయబోయింది, తడి తువ్వాలు పొయ్యి మీద పెట్టింది. అందాకా నవ్వుకున్నారు. ఒకరోజు సంతకని బయల్దేరి, ఎటు పోవాలో తెలీక నడిరోడ్డు మీద నిలబడిపోయింది. బస్సొకటి ఆమెకి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరే ఆమెని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

"మేస్త్రీ, నీ సీటు మీద కూర్చున్నాను గనక చెప్తున్నా," అన్నాడు. "ఇవాళ బ్రేకు పడింది. రేపు ఇంకొకడి బ్రేకు పడుతుందని నేను చెప్పలేను."

అప్పట్నించి మేస్త్రి ఆమెని ఒంటరిగా వదల్లేదు. ఎక్కడికెళ్ళినా వెంటబెట్టుకుని తిరిగాడు.

అలా తిరుగుతుండగా ఒకనాడు ఆమె తమ్ముడితో పాటు వేలానికి వెళ్ళారు. తమ్ముడు మెకానిక్కు. మిలటరీ వాళ్ళు తమకి అక్కర్లేని లారీలు ఊరి బయట దొడ్లో పెట్టి అమ్ముతుంటే, స్పేరు పార్టులకి ఏదైనా పనికొస్తుందేమోనని చూడ్డానికి బయల్దేరాడు. బారులు బారులుగా లారీలు. తలుపుల మీద సుద్దతో నంబర్లు. చక్రాల మధ్య గడ్డి నడుములోతు పెరిగింది. చివర్లో ఒకటుంది. కొండలూ గుట్టలూ ఎక్కడానికి చేసిన బండి, నాలుగు చక్రాలూ లాగుతాయి. ఎంత ఎత్తంటే, దాని మీద వాలిన కాకి కిందకి చూసి కళ్ళు తిరిగి రెక్కలతో ముఖం కప్పుకుంది.

ఎండగా ఉందని అక్క దాని ముందు సీటులోకి ఎక్కి కూర్చుంది. తమ్ముడు బానెట్టు ఎత్తి ఏదో తగిలించి ఇంజను స్టార్టు చేశాడు. లారీ ఒకసారి దగ్గింది.

"మా నాన్న నిద్ర లేచినట్టే ఉంది బావా," అన్నాడు.

ఆ తర్వాత మొదలైంది మోత. బానెట్టు ఎగిరింది, అద్దాలు గడగడలాడాయి, సీటు కింద పానాలు చిందులు తొక్కాయి. మేస్త్రి రెండు చెవులూ మూసుకుని భార్యని దింపుదామని తలుపు తీశాడు. ఆమె తల పక్కకి వాలిపోయింది. ఒళ్ళో వేళ్ళు ముడి మీద ముడి వేస్తున్నాయి.

మేస్త్రి కదల్లేదు. ఊపిరి కూడా పీల్చలేదు. ఇంతలో తమ్ముడు ఇంజను ఆపాడు. ఆమె కళ్ళు తెరిచింది.

"ఏమైందే?" అన్నాడు మేస్త్రి.

"ఏమోనయ్యా. మిల్లులో ఉన్నట్టుంది."

ఆ మాట ఎవరు విన్నారు కనక. బావా బావమరుదులు అప్పటికే పోట్లాటలో పడ్డారు.

"పొగ బావా," అన్నాడు తమ్ముడు. "డీజిలు పొగకి మత్తొచ్చింది."

"పొగకి నిద్రొస్తే నువ్వు పుట్టిన్నాటి నుంచీ లేచేవాడివే కాదు. సీటురా అది. చెయ్యి పెట్టి చూడు, లోపల గుర్రం వెంట్రుకలు. మెత్తదనం, నాయనా, మెత్తదనం. మీ అక్కకి కావాల్సింది అదీ."

"నీకు జ్వరమొచ్చినా సీటు వల్లే అంటావు."

"నా జ్వరాలన్నీ నీ వల్లే వచ్చాయిలే."

వేలంలో మేస్త్రి ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయాడు. పక్కన ఎవరూ పాడకపోయినా తన పాట మీద తనే పాడుకుంటూ పోయాడు. బావమరిది ఆ చెయ్యి పట్టుకుని వేలాడితే గానీ పాట ఆగలేదు. మొత్తానికి సీట్లు మోసుకు తిరిగే తన పాత వ్యాను అమ్మేసి లారీ ఇంటికి తెచ్చుకున్నాడు.

"వెనకాల చక్కని ఇల్లు కడతానే," అన్నాడు భార్యతో. "మంచం, పొయ్యి, బీరువా, కిటికీ. ఎక్కడ నిద్రొస్తే అక్కడే మన ఊరు."

ఆమె నవ్వింది. మిల్లు మూతపడ్డాక మేస్త్రి చూసిన మొదటి నవ్వు అది.

ఇక చూడండి ఆయన పని. చెక్కపెట్టెలా గది కట్టి, గోడలకి కొబ్బరి పీచు, పీచు మీద ఫోము, ఫోము మీద ముఖమల్ గుడ్డ, గుడ్డ మీద బొత్తాలు. చెంచాలకి ఒక్కోదానికి ఒక్కో సంచి. పళ్ళేల మధ్య దళసరి గుడ్డ. కెటిల్‌కి కోటు, దాని మూతకి టోపీ. తలుపు అంచుకి రబ్బరు. బావమరిది చేత ఇంజను కింద కొత్త రబ్బర్లు వేయించి, సైలెన్సరుకి పక్కటెముకలు విరిగినవాడికి కట్టినట్టు కట్టు కట్టించాడు. పని అయ్యాక ఆ గదిలోకి ఒక ఈగ వచ్చింది. తన రెక్కల చప్పుడు తనకే వినపడక, చచ్చిపోయాననుకుని కిటికీ గట్టు మీద వెల్లకిలా పడుకుంది.

"బావా, ఇందులో అప్పులాడొచ్చి తలుపు కొట్టినా వినపడదు," అన్నాడు బావమరిది. ఆ మెప్పుకి మేస్త్రి మీసం దువ్వుకున్నాడు.

భోజనాలయ్యాక బయల్దేరారు. బావమరిది నడిపాడు. మేస్త్రి పక్కన కూర్చుని, వెనక గదిలోకి ఉన్న చిన్న కిటికీలోంచి మంచం కేసి చూస్తూ ఉన్నాడు. లారీ వెన్న మీద చెయ్యి జారినట్టు జారిపోయింది. ఊరు దాటేసరికి ఆమె కళ్ళు మూసుకుంది.

"పడుకుంది బావా. గెలిచేశావు."

మేస్త్రి వేళ్ళ కేసి చూశాడు. దుప్పటి మీద ఆమె వేళ్ళు రెండూ కట్టెపుల్లల్లా కదలకుండా ఉన్నాయి.

"ఏమే, నిద్రపోయావా?"

"ఆఁ, నిద్రపోయానయ్యా," అంది కళ్ళు తెరవకుండా. "చాలా బాగా నిద్రపోతున్నా. నువ్వు అటు తిరిగి కూర్చో."

మేస్త్రి అటు తిరిగాడు. తిరిగాక గానీ ఆయన కళ్ళలో నీళ్ళున్నాయని బావమరిదికి తెలియలేదు. ఇంత కుట్టీ నిద్ర రాలేదంటే తను చిన్నబుచ్చుకుంటాడని, ఆ మనిషి నిద్ర నటిస్తోంది. ఇక చెయ్యడానికేం మిగిలింది. ఫోము ఇంకో వరస వేద్దామంటే గదిలో మనిషి పట్టడు.

అక్కడితో తారు రోడ్డు అయిపోయి గుట్ట దారి వచ్చింది. ఒక చక్రం రాయెక్కితే ఇంకోటి గుంటలో దిగుతోంది. అలాంటి ఒక కుదుపుకి బీరువాలో పళ్ళేల సంచి కుట్టు ఊడింది. పళ్ళేలు ఒకదాన్నొకటి కొట్టుకుంటూ ఠంగుఠంగుమన్నాయి. మేస్త్రికి ఒళ్ళు మండి గిర్రున తిరిగాడు.

ఆమె చూపుడువేలు కదిలింది.

"ఆపు," అన్నాడు. లారీ ఆగింది, పళ్ళేలు ఆగాయి, వేలూ ఆగింది.

"పోనీయ్." ఠంగుఠంగు. వేలు కదిలింది.

"ఆపు."

"బావా, పోవాలా ఆగాలా తేల్చి చెప్పు. ఇంట్లో ఒకళ్ళు నడిరోడ్డు మీద నిలబడ్డది చాలదా."

"మిల్లురా," అన్నాడు మేస్త్రి.

"ఏ మిల్లు?"

"ఆ రోజు మీ అక్క చెప్పింది కదరా. మిల్లులో ఉన్నట్టుందని. మనమిద్దరం గాడిదల్లా పొగనీ, సీటునీ పట్టుకుని ఊగాం."

దిగి వెనక్కి వెళ్ళాడు. సీట్లు విప్పే కత్తి ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. ముఖమల్ గుడ్డ మీద మొదటి గాటు పెట్టేముందు మాత్రం చెయ్యి కాస్త తటపటాయించింది. తర్వాత సర్రున లాగాడు.

"ఏం చేస్తున్నావయ్యా," అంటూ భార్య లేచి కూర్చుంది. "అంత బాగా కుట్టినదాన్ని."

"నువ్వు నిద్రపోతూనే ఉండు. అబద్ధమాడేవాళ్ళు మధ్యలో లేవకూడదు."

బొత్తాలు టపటపా రాలాయి. ఫోము, పీచు, చెంచాల సంచులు, కెటిల్ కోటు, టోపీ అన్నీ మూలకి విసిరాడు. అందులో ఆ ఈగ కూడా ఎగిరిపడి, తన రెక్కల చప్పుడు విని, బతికే ఉన్నానని సంబరంగా కిటికీలోంచి పోయింది.

"నువ్వు చూస్తావేం," అన్నాడు బావమరిదితో. "సైలెన్సరు కట్టు విప్పు. తలుపు బోల్టులు వదులు చెయ్."

"జన్మంతా బిగించడం నేర్చుకున్నా బావా. వదులు చెయ్యడానికి చెయ్యి రావట్లేదు."

"నా చెయ్యి వచ్చింది కదా. కానీయ్."

మళ్ళీ కదిలారు. పళ్ళేలు, చెంచాలు, తలుపు, అద్దాలు, గొలుసులు, సైలెన్సరు, ఒక్కటి కూడా నోరు మూసుకోలేదు. గుట్ట మీద మేస్తున్న మేకలు వాన వస్తోందనుకుని చెట్ల కిందకి పరిగెత్తాయి. మేస్త్రి కిటికీలోంచి చూశాడు. ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది. వేళ్ళు ముడి మీద ముడి, ముడి మీద ముడి. అంత గబగబా వేస్తోందంటే, ఇన్నాళ్ళుగా మిగిలిపోయిన పోగులన్నీ ఒక్క పూటలో కట్టేస్తోందన్నమాట.

మేస్త్రికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నవ్వాడు, ఏడ్చాడు, బావమరిది భుజం మీద గుద్దాడు. చప్పుడు వింటూ అంత సుఖంగా కూర్చోవడం ఆయనకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఆపితే లేస్తుందని భయం. అందుకని ఆపలేదు. గుట్ట దిగారు, ఇంకో ఊరు దాటారు, దారి ఎటు పోతే అటే పోయారు. చివరికి రైలు గేటు వేసి ఉంటే బండ్ల వరసలో ఆగి, ఇంజను మాత్రం ఆడిస్తూ కూర్చున్నారు. అప్పుడు లారీ రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"బావా," అన్నాడు బావమరిది మెల్లగా. "డీజిలు."

చుట్టూ నిశ్శబ్దం. మేస్త్రికి కిటికీ కేసి తిరగడానికి కూడా ధైర్యం చాలలేదు. ఆనాటి నడిరోడ్డు, బస్సు, బ్రేకు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

అప్పుడు వెనక గదిలోంచి ఒక గురక వచ్చింది. చిన్న గురక కాదు. మిల్లు మోతంతా మింగి దాచుకుని, ఇప్పుడు తీరిగ్గా బయటికి వదులుతున్నట్టుంది. ఆ గురకకి మొదట చెంచాలు కదిలాయి, తర్వాత పళ్ళేలు, తర్వాత తలుపు, అద్దాలు, ఆఖరికి బానెట్టు. ఆ చప్పుడుకి ఆమె ఇంకా గాఢంగా నిద్రపోయింది, నిద్ర గాఢమయ్యేకొద్దీ గురక పెరిగింది. ఇక ఇంజనుతో పని లేదు. ఎక్కడ ఆపుకున్నా, తన మిల్లు తనతోనే ఉంది.

మేస్త్రి కిందకి దిగి, రోడ్డు పక్కన చతికిలపడ్డాడు. కడుపు నిండా గాలి పీల్చుకున్నాడు. బావమరిది డీజిలు డబ్బా పట్టుకుని ఈల వేసుకుంటూ, ఏ తొందరా లేకుండా నడిచిపోయాడు.

వరసలో వెనకున్న సైకిలాయన ఒకడు వచ్చి లారీ చుట్టూ తిరిగాడు. మూత తీసి ఉన్న టాంకులోకి తొంగిచూశాడు, వేలు పెట్టి తడిమాడు, పొడిగా ఉంది. అదిరిపోతున్న బానెట్టు మీద చెవి ఆనించి కాసేపు విన్నాడు. వచ్చి మేస్త్రి పక్కన గొంతుక్కూచుని, నలుగురికీ తెలిస్తే ధర పెరుగుతుందన్నట్టు చెవిలో అడిగాడు:

"డీజిలు చుక్క లేకుండానే ఇంత బాగా ఆడుతోందే. మైలేజీ ఎంతిస్తోందండీ?"