తెర కింది అక్షరాలు

వాసంతి వంటింట్లో నాలుగు జాడీలూ ఒక పాత గ్రైండరూ తప్ప ఏముందని ఫ్రాన్సు నుంచి వచ్చి మరీ సినిమా తీస్తున్నారని పక్క టౌన్‌హౌస్ పద్మిని అన్నదట. ఇద్దరికీ తెలిసిన లక్ష్మీకాంతం ఆ మాటను ఫోనులో మోసుకొచ్చి, "నేననలేదమ్మా, ఆవిడే అంది" అని చేతులు దులుపుకుంది.

వాసంతి నవ్వింది. వంటింట్లో ఏముందో ఒకసారి పద్మినికి చెప్పుకుంది తను. "అన్నయ్యగారా? అంత పెద్దమనిషా? నీకు నిద్ర చాలడం లేదు వదినా" అని పద్మిని కొట్టిపారేసింది. కెనడాలోని ఈ మిస్సిసాగాలో ఏ పూజకు వెళ్లినా "మా వాసూ" అంటూ భార్యకు కుర్చీ లాగి వేసే రిటైర్డ్ ఇంజనీరు చక్రధర్ మరి.

సినిమా తీసే ఒడీల్ ఒకే రకాన్ని పట్టుకు వేలాడే మనిషి కాదు. ఉప్పుమళ్ల మీద ఒక డాక్యుమెంటరీ, గుర్రాలకు నాడాలు కొట్టే ముసలాయన మీద ఇంకొకటి, మాటల్లేని ఆరు నిమిషాల దొంగ కథ ఒకటి తీసింది. ఈసారి తనకు రాని భాషలో ఒక ఇంటి పొద్దుటి పూట కావాలంది. రోజూ వచ్చి కెమెరా ఫ్రిజ్ మీద పెట్టి, ఆన్ చేసి వెళ్లిపోయేది. అలా నలభై రోజులు.

మూడు రోజులు చక్రధర్ ఇస్త్రీ చొక్కాతో తీయగా మాట్లాడాడు. నాలుగో రోజుకు కెమెరా సంగతి మరిచాడు, నోరు మామూలుగానే తెరుచుకుంది. వాసంతి మరవలేదు. ఆయన తిట్టినప్పుడల్లా ఫ్రిజ్ వైపు జరిగి నిలబడేది, అటు తిరిగి తిడతాడని, మాట స్పష్టంగా పడుతుందని.

షూటింగ్ అయ్యాక, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తనే ఊరికే రాసిపెడతానన్నాడు చక్రధర్. వాసంతి తెలుగిళ్లన్నిటికీ ఫోన్ చేసి, సినిమా వేసే రోజు తప్పకుండా రమ్మని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం, లైబ్రరీ హాలు. ఉప్పుమళ్లు అయ్యాయి, గుర్రాలు అయ్యాయి. తర్వాత వాసంతి వంటిల్లు.

తెర మీద చక్రధర్ కప్పు తోసేశాడు. "థూ! బర్రెకు గడ్డేస్తే పాలన్నా ఇస్తుంది. ముప్పై ఏళ్లుగా నీకు మేత దండగ!"

కింద ఇంగ్లీషులో: ఈ కాఫీ కోసమే ముప్పై ఏళ్లుగా పొద్దున్నే లేస్తున్నాను.

హాలు ముచ్చటపడి నవ్వింది.

"పిల్ల పోయింది నీ చేతి దరిద్రానికే."

కింద: మన పాప బతికుంటే అచ్చం నీలాగే ఉండేది.

ముందు వరుసలో ఒక తెల్ల ముసలావిడ కళ్లు తుడుచుకుంది. వెనక వరుసలో పది మంది తెలుగువాళ్లు. వాళ్లలో నిశాంత్ అనే కుర్రాడు ఫోను తీసి చూసుకున్నాడు. పద్మిని పైట సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది.

లైట్లు వెలిగాయి. చప్పట్లు ఆగేలోపే పద్మిని వచ్చేసింది. "అన్నయ్యగారూ, ఇంగ్లీషు ఎంత బాగా రాశారండీ!"

ఒడీల్ మైకు తెచ్చి వాసంతి చేతిలో పెట్టింది. సినిమా నచ్చిందా, మీ భాషలోనే చెప్పండి, ఆయన మాకు చెబుతారు అంది.

"చెప్పు వాసూ, చాలా సంతోషమని చెప్పు" అన్నాడు చక్రధర్ భుజం మీద చెయ్యేసి.

వాసంతి ఆ చెయ్యి తీసేసి వెనక వరుస వైపు తిరిగింది.

"మీరంతా విన్నారు. కింద రాసింది కాదు, నోటితో అన్నది. నేను చెబితే నిద్ర చాలలేదంటారు. మీలో ఒక్కరు చెప్పండి ఈ ఒడీల్‌కి."