మగవాళ్ల వరుసలో నెట్టా

మా వదిన విల్మా నోటికి జడిసి నేను డాన్సు మానేసి ముప్పై ఏళ్లు దాటింది. పెళ్లయినా పండుగయినా, ఊరి హాల్లో అకార్డియన్ మోగడం ఆలస్యం, "నెట్టా, నువ్వు అందరి కోట్లూ చూసుకోవే. నువ్వు దిగావంటే ఎవరి కాలో విరుగుతుంది" అనేది. అందరూ నవ్వేవాళ్లు. మా అన్నయ్య కూడా నవ్వేవాడు. అది చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండేది.

బస్సు డ్రైవరుగా రిటైరయిన ఏడాది మంగళవారం డాన్సు క్లాసులో చేరిపోయాను. నాకు ఒక్కటే పంతం. నవంబరు చివర సెయింట్ ఆండ్రూ పండుగ సాయంత్రం, విల్మా కళ్లెదుట, ఒక్కటంటే ఒక్క డాన్సు మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా ఆడాలి. ఇంకేం అక్కర్లేదు.

క్లాసు చెప్పే ఎఫీ రాంకిన్ నాకంటే చిన్నదే కానీ మహా గట్టి పిండం. మొదటిరోజే నా ఎత్తు చూసి, ఆకుపచ్చ గుడ్డ పట్టీ ఒకటి తెచ్చి నా భుజాన అడ్డంగా వేసింది. మా క్లాసుల్లో మగవాళ్లకెప్పుడూ కరువే. పొడుగాటి ఆడవాళ్లు పట్టీ వేసుకుని, ఆడవాళ్ల వరుసకి ఎదురుగా మగవాళ్ల వరుసలో నిలబడాల్సిందే.

"నేను మగాణ్ణా?" అన్నాను.

"మంగళవారాలు మాత్రమే. నిటారుగా నిలబడు" అంది ఎఫీ.

అబ్బ, ఎంత ఏడిపించిందని! బంగాళాదుంపల బస్తా మోస్తున్నట్టు ఎగురుతున్నావంది. మడమ నేలకు ఆనితే అరిచేది. ముగ్గురు మనుషులు ఒకరినొకరు దాటుకుంటూ ఎనిమిది అంకె చుట్టే నడక ఒకటుంది, అది పట్టుబడేసరికి నా మెత్తటి నల్లబూట్ల అడుగులకు చిల్లులు పడ్డాయి. ఇంట్లో కుర్చీలనే మనుషులనుకుని వాటి చుట్టూ తిరిగేదాన్ని. అక్టోబరు వచ్చేసరికి నన్ను నిద్రలో లేపి ఆడించినా తప్పు పోయేది కాదు.

పండుగ సాయంత్రం హాలు కిటకిటలాడిపోయింది. పక్క ఊళ్ల నుంచి కిల్టులనే గళ్ల లంగాలు వేసుకుని మగవాళ్లు దండిగా దిగారు. గొర్రెలు పెంచే డగల్ నా ముందుకొచ్చి చెయ్యి చాపాడు. "రండి నెట్టా గారూ, ఆడదాం." సంతోషంగా గబగబా వెళ్లి అలవాటైన వరుసలో నిలబడ్డాను. డగల్ వచ్చి నా పక్కనే నిలబడ్డాడు.

"మీరు అటండీ" అన్నాడు మెల్లగా, ఎదుటి వరుస చూపించి.

ఏడాదంతా నేను నేర్చుకున్నది మగవాడి ఆట! ఆడవాళ్ల వైపు నుంచి ఒక్క అడుగూ వేసి ఎరగను. ఎదుటి వరుసకి పోతే అన్నీ తారుమారు. పోనీ ఎఫీని అడుగుదామంటే వ్యవధేదీ? పండుగ డాన్సుల్లో నేర్పడాలుండవు. ఆవిడ ఒక్కసారి అడుగులు నోటితో చెబుతుంది, వెంటనే వాద్యం అందుకుంటుంది.

అందుకుంది. ఎదుటి వరుసలోంచి కూడా అలవాటైన వైపుకే తిరిగాను. ఎదురుగా వస్తున్న పోస్టుమాస్టరు గారిని ధడేలున గుద్దేశాను. ఆయన వెళ్లి వెనకావిడ మీద పడ్డాడు. ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"చెప్పానా? నేను ముందే చెప్పానా?" టీ బల్ల దగ్గర్నుంచి విల్మా గొంతు ఖంగుమంది. "ఏడాది నేర్చుకుందిట! పోస్టుమాస్టర్ని చంపేసేదే! వచ్చెయ్యవే తల్లీ, వచ్చి కోట్లు చూసుకో."

హాలంతా ఒకటే నవ్వు. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చేసింది. ఇంటికి పోదామని తలుపు దాకా నడిచాను. గడియ మీద చెయ్యి వేశాక కోపం ముంచుకొచ్చింది. నేనెందుకు పోవాలి? నాకు రాకపోతే కదా!

గిర్రున వెనక్కి తిరిగాను. ఎఫీ సంచీలోంచి పట్టీ లాగి భుజాన వేసుకుని సరాసరి వదిన ముందుకెళ్లి నిలబడ్డాను.

"లే వదినా."

"ఎందుకే?"

"ఆడదాం. నేను మగాణ్ణి, నువ్వు నా జత."

"నీతోనా? నీ మొహం! నా కాళ్లు నాకు కావాలి."

"భయమా?"

మా అన్నయ్య కిసుక్కున నవ్వాడు. ఈసారి పెళ్లాన్ని చూసి. ఇక లేవక చస్తుందా!

"పదవే, నీ సంగతి తేలుస్తా" అంటూ లేచింది. ఎఫీ ఆ డాన్సునే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించింది.

మా వదిన పెళ్లిళ్లలో గిరగిరా తిరిగే డాన్సులకు మహారాణి, కాదనను. కానీ క్లాసు మొహం ఎన్నడూ చూడలేదు. ఎనిమిది అంకె దగ్గరికి వచ్చేసరికి దారి తప్పి నట్టనడుమ నిలబడిపోయింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎటే? నెట్టా, ఎటే?"

అలాగే వదిలేయాలనిపించింది. ముప్పై ఏళ్ల కసి మరి. కానీ వదిలేస్తే నా డాన్సూ పోతుంది. పైగా ఆ బిక్కచూపు నాకు బాగా తెలుసు, ఇందాక అది నా మొహానే ఉంది.

"నేల చూడకు, నన్ను చూడు! ఎడమ భుజం! దాటు! ఇప్పుడు నా వైపు రా!"

బస్సులో వెనక సీటు దాకా వినిపించిన గొంతు నాది. అకార్డియన్ ఏ మూలకు? వదిన కదిలింది. దాటింది. తిరిగింది. సరిగ్గా తాళానికి తన చోటికి వచ్చి పడింది. రెండోసారి నేను అరవాల్సిన పని కూడా లేకపోయింది. చిన్నపిల్లలా పకపకా నవ్వుతూ తనే వచ్చేసింది. ఒక్కో జత వంతూ అయింది, మేము వరుస చివరికి చేరాము, ఆఖరి స్వరం మోగింది. ఒక్క తప్పు లేదు. ఒక్కటి! హాలు దద్దరిల్లింది. పోస్టుమాస్టరు గారు కుర్చీ ఎక్కి ఈల వేశారు.

ఆట అయ్యాక మగవాడు తల వంచాలి, ఆడమనిషి మోకాళ్లు వంచి మొక్కాలి. అది పద్ధతి. నేను తల వంచాను. విల్మా నన్ను చూసింది, హాలును చూసింది. స్కర్టు రెండు చేతులా పట్టుకుని నేలకు తగిలేంతగా వంగింది. లేవలేకపోతే నేనే లాగాను.

"మోకాలు పోయిందే దిక్కుమాలినదానా" అంది రొప్పుతూ. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఎఫీ తర్వాతి డాన్సు పేరు చదివింది. డగల్ మళ్లీ నా దగ్గరికే వచ్చాడు.

"నెట్టా గారూ, ఈసారి మీరు మగవాళ్ల వైపే ఉండండి. నేనే అటు నిలబడతాను" అని చెయ్యి చాపాడు.

నేను నోరు తెరిచేలోపే విల్మా మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

"పక్కకి జరగవయ్యా. ఆవిడకి జత ఉంది."