వెనక గుమ్మం లేని ఆసుపత్రి

సుద్దముక్క తనిఖీకి వచ్చిన ఫైర్ ఇన్‌స్పెక్టరు హచిన్స్ గారి చేతిలో నలుగుతోందే గాని గోడ మీద గీత పడటం లేదు, ఎలా పడుతుంది, మా ఎర్నెస్టీన్ అత్త కుర్చీ తెచ్చుకుని వెనక గోడకు వీపు ఆనించి కూర్చుంది, ఎనభై నాలుగేళ్ల మనిషి, ఒళ్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయల గిన్నె, కాస్త జరగండమ్మా అంటాడాయన, జరగను నాయనా, నన్ను కూడా కలిపి పగలగొట్టుకో, నువ్వు పుట్టినప్పుడు నిన్ను ఈ చేతుల్తోనే బయటికి లాగాను, కాన్పుకి మీ అమ్మ ఎదురు గుమ్మంలోంచే వచ్చింది తెలుసా అంటుంది అత్త, పాపం ఆయన చెవులు వేడెక్కాయి, నాకు నవ్వాగటం లేదు, కానీ నిప్పంటుకుంటే బయటపడటానికి రెండో గుమ్మం చూపిస్తేగాని ఆయన సంతకం పెట్టడు, సంతకం లేందే వచ్చే నెల ఆసుపత్రి తెరవలేను, దీన్ని నడిపిన నాన్న పోయాక నాలుగేళ్లుగా తాళమే.

ఈ చుట్టుపక్కల మొదటి నల్ల డాక్టరు మా తాతయ్య థాడియస్ పెటిఫర్డ్, ఆ రోజుల్లో తెల్ల డాక్టర్ల దగ్గరికి మనవాళ్లు వెనక సందులోంచి, చెత్తడబ్బాల పక్కనుంచి పోవాలి, పురిటి నొప్పులైనా సరే, అందుకే ఈ ఇల్లు కొనగానే తాతయ్య చేసిన మొదటి పని వెనక గుమ్మానికి ఇటుకలు పేర్పించడం, నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎదురుగానే వస్తారన్నాడట, ఆ ఇటుకల్ని నేనా పీకించేది, హవ్వ.

ఇంత చదువు చదివి మా నాన్న కట్టించిన గోడ పడగొడతావటే అంది అత్త, నిలబెడితే రోగులెక్కడికి పోతారత్తా అన్నాను, అది నువ్వే చూడు, డాక్టరువి నువ్వా నేనా, అని ఒక గింజ నా నోట్లో పెట్టింది, ఉప్పుప్పగా, చిన్నప్పుడు మందుల బీరువా పక్కన నక్కి ఇలాగే తినేదాన్ని, గోడకు చెవి ఆనిస్తే అవతల మాగ్నోలియా వీధిలో తాడాట ఆడే పిల్లల పాట వినపడేది, అవతల వీధి, అయ్యో నా బుర్రా, మాది రెండు వీధుల మూల మీది ఇల్లు కదా, ఆ పక్కా వీధి ముఖమే.

బీరువా జరిపి ఆ పక్క గోడకు రెండో గుమ్మం పెడితే చాలదా హచిన్స్ గారూ, ఆయన టేపు పరిచి కొలిచి చాలు అన్నాడు, చాలడమేంటి, మెట్లు వెడల్పుగా ఉండాలి, పైన పెటిఫర్డ్ అని ఎదురు గుమ్మం మీద ఎంత అక్షరాలో ఇక్కడా అంతే, ఒక్క అంగుళం తగ్గినా ఒప్పుకోను, అంటూ లేచి అత్త తనే కుర్చీ పక్కకి లాగింది, తాతయ్యకు తలుపులతో గొడవేముంది, మనుషుల్ని వెనక సందులోకి పంపడంతోనే గాని, సుద్దముక్క లాక్కుని బీరువా మీదే గీసేశాను, వచ్చే నెల ఏ వీధి నుంచి వచ్చినా సరే, మా రోగులు ముందు గుమ్మంలోంచే వస్తారు.