వల దారం గీత

నేను ఒక వేలిముద్రల ప్యాడ్‌ని. అరచేతిలో ఇమిడే రేకు డబ్బా, లోపల ఊదారంగు సిరాలో నానిన గుడ్డ, అంతే నా సంపద. భళ్లమూడి విశ్వపతి గారనే లాయరు నన్ను కోర్టు ఎదుట దుకాణంలో కొన్నారు. సంతకం వచ్చినవాళ్లు నా జోలికి రారు. తప్పక వచ్చినా వేలి చివర తాకించి, వెంటనే తలకు రాసుకుంటారు. చదువురానివాళ్లే నా అసలు మనుషులు.

వాళ్లలో గంటా పైడమ్మ అంటే నాకు చాలా ఇష్టం. సముద్రపొడ్డున చేపలమ్ముకునే మనిషి. ఆమె మూడు సెంట్ల ఇంటి మీద మరిది దావా వేస్తే, విశ్వపతి గారే ఆమె తరఫున వాదించారు. ఏ కాగితం దాఖలు చేయాలన్నా ఆమె బొటనవేలు నా మీద పడేది. ఉప్పుకి పగిలిన వేలు, ఎండలోంచి వచ్చిన వేడి. గట్టిగా అదిమి, "సరిపోద్దా బాబుగోరూ?" అని అడిగేది. సరిపోవడమేమిటి, అంత నిండైన ముద్ర ఆ కోర్టులో ఇంకెవరూ వేయలేదు.

దావా గెలిచారు. గెలిచిన ఆ స్థలం మీద ఒక ఐస్ ఫ్యాక్టరీ యజమాని కన్ను పడింది. అమ్మించి పెడతానని విశ్వపతి గారు అతనికి మాటిచ్చేశారు, పైడమ్మని అడగకుండానే. ఆమె ఒప్పుకోలేదు.

"నా కూతురు ముత్యాలుకి అదొక్కటే నీడ బాబుగోరూ. నాను ఇయ్యను."

మనుషులు 'ఇవ్వను' అంటే లాయర్లకి 'ఆలోచిస్తాను' అని వినబడుతుంది కాబోలు. విశ్వపతి గారు ఒప్పందం టైపు చేయించి ఉంచారు. పక్షం తిరక్కుండానే పైడమ్మ పోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన నన్ను కోటు జేబులో వేసుకుని, గుమాస్తా కోటిలింగాన్ని వెంటబెట్టుకుని పరామర్శకి వెళ్లారు. ఆడవాళ్లు శవస్నానానికి నీళ్లు తేవడానికి బోరింగు దగ్గరికి వెళ్లారు. మగవాళ్లు వీధిలో పాడె కడుతున్నారు. కేసు గెలిపించిన లాయరుగారు కదా, లోపలికి వెళ్తుంటే దారిచ్చి నిలబడ్డారు.

పోయినవాళ్ల చేతి బొటనవేళ్లు రెండూ కలిపి దారంతో కడతారు. కోటిలింగం ఆ ముడి విప్పబోయి ఆగిపోయాడు.

"వద్దండి బాబూ. మనిషి పోయిందండి."

"బతికుంటే ఒప్పుకునేదేరా. ముద్ర ఒక్కటేగా మిగిలింది. పట్టుకో."

వేలు నా మీద పడింది. నేనెరిగిన పగుళ్లే. కానీ చల్లగా ఉంది. ఆ చలి సిరాలోకి దిగి, గుడ్డలోకి దిగి, అడుగు రేకు దాకా వెళ్లి అక్కడ కూర్చుంది. నాకు భయం వేసింది. పది రోజుల వెనకటి తేదీ వేసి ఉన్న స్టాంపు కాగితం మీద ముద్ర పడింది. కింద కోటిలింగం చేత సాక్షి సంతకం పెట్టించారు. వేలు తుడిచి, దారం మళ్లీ కట్టించి, విశ్వపతి గారు కళ్లొత్తుకుంటూ బయటికొచ్చారు.

ఆ రోజు నుంచి నా మీద ఎవరు వేలు పెట్టినా ముద్రలో అడ్డంగా ఒక సన్నని తెల్ల గీత పడేది. ఒక రైతు తన వేలు తిప్పి తిప్పి చూసుకుని, "నాకు గాటు లేదేంటండీ" అన్నాడు. కోటిలింగం గుడ్డ మార్చాడు, సిరా మార్చాడు. గీత పోలేదు. కొన్నాళ్లకి అతను నన్ను తాకడం మానేశాడు, తర్వాత ఆ ఆఫీసులో పనే మానేశాడు.

ఫ్యాక్టరీ యజమాని ఒప్పందం చూపించి ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ముత్యాలు లాయరు మీద బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టింది. క్రమశిక్షణ సంఘం విచారణకి పిలిచింది. బల్ల వెనక ముగ్గురు సీనియర్ లాయర్లు, మధ్యలో ఒక పెద్దావిడ. ముత్యాలు కాగితం మీది ముద్ర చూపించింది.

"ఈ గీత మాయమ్మ ఏలికి నాను కట్టిన దారందండి. ఇంట్లో దారం లేకపోతే వల దారం కట్టాను. సూడండి, పురి మెలికలు మెలికలుగా ఎలా పడిందో."

విశ్వపతి గారు చిన్నగా నవ్వారు. "అది ప్యాడ్ లోపం మేడమ్. అప్పట్నుంచీ నా ఆఫీసులో వేసిన ముద్రలన్నీ ఇంతే. ప్యాడ్ కూడా తెచ్చాను, మీరే చూడండి."

ఆయన పేర్చిన కాగితాలన్నిట్లో గీత ఉంది. నాకు దుఃఖం వచ్చింది. పైడమ్మ చేత ఎన్నో నిజాలకి ముద్ర వేయించిన నేను, ఆమె కూతురిని వీధిలో నిలబెట్టబోతున్నాను. నోరు లేని పుట్టుక నాది.

పెద్దావిడ నా మూత తీసి తన వేలు అద్ది తెల్లకాగితం మీద వేశారు. గీత లేదు. పక్కాయన వేశాడు. లేదు. మూడో ఆయనకీ లేదు. ముత్యాలు గట్టిగా అదిమి వేసింది, నిండుగా పడింది.

"ఇప్పుడు మీరు వేయండి" అన్నారావిడ.

విశ్వపతి గారి వేలు నా మీదికి దిగింది. అందులో నాడి కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆ వేలు చల్లగా ఉంది. నా అడుగున ఇన్నాళ్లూ కూర్చున్నది లేచి, ఆ వేలిలోకి ఎక్కి వెళ్లిపోయింది. కాగితం మీద గీత పడింది, మెలికలు మెలికలుగా.

సాక్షిగా వచ్చి వెనక బెంచీలో కూర్చున్న కోటిలింగం లేచాడు. "ఆ ముడి విప్పింది నేనేనండి" అన్నాడు. ఇక మిగతాదంతా అతనే చెప్పాడు. విశ్వపతి గారి పేరు లాయర్ల జాబితాలోంచి కొట్టేశారు. ఆ తీర్పు పట్టుకెళ్లి ముత్యాలు కోర్టులో ఇల్లు నిలబెట్టుకుంది.

నన్ను కవరులో పెట్టి, లక్క వేసి, రికార్డుల గదిలో పడేశారు. ఇక్కడి గుమాస్తాలు టీ తాగుతూ ఏవేవో చెప్పుకుంటారు. విశ్వపతి గారు సొంత ఇల్లు అమ్ముకుందామని రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్లారట. వేలిముద్రల మిషను మీద బొటనవేలు పెట్టారట. పెట్టి, తుడుచుకుని, మళ్లీ పెట్టారట. అక్కడి కుర్చీలో మనిషి విసుక్కోకుండా, మర్యాదగానే అన్నాడట:

"వేలు పెట్టండి సార్. మీరింకా పెట్టలేదంటోంది."