వాడేమన్నాడు?

రికార్డుల పెట్టె చంకన పెట్టుకుని ఊరంతా గిరగిరా తిరుగుతుందని ఆమెకి బొంగరం అని పేరు పెట్టారు. తిరగకపోతే ఎలా? సినిమా కంపెనీలో ఆమె ఉద్యోగమే అది. విడుదలకి ముందు వారం పాటల కొట్లకీ రేడియో స్టేషనుకీ నమూనా రికార్డు తలా ఒకటి ఇచ్చి, జనం చెవిన పాటలు పడేలా చూడాలి. అమ్మకానికి రికార్డులు సినిమాతోపాటు శుక్రవారమే వస్తాయి.

ఈసారి సినిమా నిండా పాటలే. అందులో ఒకటి మరీ చిత్రమైనది. హీరో క్లారినెట్ వాయించేవాడు, నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడడు. "నాతో వస్తావా, ఇక్కడే ఉండిపోతావా?" అని హీరోయిన్ పాటంతా నిలదీస్తుంది. చివరి నలభై సెకన్లలో వాడు క్లారినెట్‌తోనే జవాబు చెబుతాడు. వింటే చాలు, వస్తానన్నాడో ఉండిపోతానన్నాడో పసిపిల్లలకి కూడా తెలిసిపోతుంది.

ఆ క్లారినెట్ వాయించింది బొంగరం వాళ్ళ నాన్న.

జీవితమంతా వెనక వరసలో, వయొలిన్ల చాటున కూర్చుని వాయించిన మనిషి. ఒంటరిగా ఒక ముక్క వాయించమని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తీరా అడిగేసరికి పళ్ళు కదలడం మొదలైంది. రికార్డింగు అయిన వారానికే ముందు పళ్ళు నాలుగూ పీకేశారు. ఇక క్లారినెట్ పట్టే మాటే లేదు. రికార్డు తెచ్చి వినిపిస్తానని కూతురంటే వద్దన్నాడు.

"మనం పెట్టుకుంటే మనం విన్నట్టు. రేడియోలో వస్తే ఊరు విన్నట్టు. ఒక్కసారి అలా వింటే చాలమ్మా."

సోమవారం పొద్దున్న పది గంటలకి రేడియో ముందు కూర్చున్నాడు. పాట వచ్చింది. హీరోయిన్ ఆఖరిసారి అడిగింది. అంతే, పాట సన్నగిల్లిపోయి, పాట కోరి ఉత్తరాలు రాసినవాళ్ళ పేర్లు మొదలయ్యాయి. మంగళవారమూ అదే తంతు.

బొంగరం పరుగున స్టేషనుకి వెళ్ళింది. "ఏంటక్కా ఇది? చివర మింగేస్తున్నావు!"

"పేర్లు చదవకపోతే నన్ను బతకనిస్తారా?" అంది రేడియో అక్క. కానీ సంగతి విని మెత్తబడింది. "సరే, గురువారం పేర్లు ముందే చదివేసి పాట మొత్తం వేస్తాను. ఆ తర్వాత నా చేతుల్లో లేదు. శుక్రవారం నుంచి ఆ టైము ఇంకో సినిమాది."

బొంగరం ఊపిరి పీల్చుకుని పాటల కొట్టుకి వెళ్ళింది. అక్కడ ఇంకో వింత. కొట్టాయన పాట పెట్టి, సరిగ్గా ఆ చివరికి వచ్చేసరికి ముల్లు ఎత్తేశాడు.

"అదేంటి బాబాయ్!"

"మొత్తం ఇక్కడే వినేస్తే శుక్రవారం కొనేదెవరమ్మాయ్? నేను ఏ పాటకైనా ఇంతే చేస్తాను."

బొంగరం బిక్కమొహం వేసింది. అప్పుడే కొట్లో నిలబడ్డ దర్జీ అన్నాడు: "ఇంతకీ వాడేమన్నాడు?"

"వస్తాననే అంటాడు, అనక చస్తాడా?" అంది పక్కనున్న నర్సు.

"ఆ మొహానికి అంత ధైర్యమా? చూస్తూ ఉండండి, ఉండిపోతాడు!" అన్నాడు దర్జీ.

బొంగరానికి ఆశ్చర్యం ఆగలేదు. బస్సులో ఇద్దరు ఆడవాళ్ళది అదే వాదన. బ్యాంకు వరసలోనూ అదే. మంగలి షాపులో అయితే సగం గడ్డంతోనే ఒకాయన లేచి పందెం కాశాడు. ఇదెక్కడి చోద్యం! ఎవరూ కూడబలుక్కోలేదు. రేడియో దారి రేడియోది, కొట్టు దారి కొట్టుది. ఊరంతటినీ కలిపి సరిగ్గా ఒకేచోట ఆపేశారు.

బుధవారం కంపెనీ మేనేజరు ఫోను చేశాడు. మూడు రోజుల ఆటలకీ టికెట్లు అయిపోయాయట. "ఆ చివరి ముక్క ఎక్కడా వినపడకూడదు. రేడియోకి కాగితం రాసి ఇవ్వు. వినపడిందా, నీ ఉద్యోగం ఊడినట్టే."

కాగితమైతే రాసింది. ఇవ్వడానికి మాత్రం చెయ్యి రాలేదు. సాయంత్రం నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన పాలలో నానబెట్టిన రొట్టె పక్కకి నెట్టేశాడు.

"అయితే నా ముక్క కోసేస్తారన్నమాట."

"కొయ్యడం కాదు నాన్నా, దాచడం."

"దాస్తే? ఇంకో పాటకి వాయించడానికి నా పళ్ళు మళ్ళీ మొలుస్తాయా?"

బొంగరం వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, "రేపు నాతో రా. ఒకచోట ఆగుదాం. ఆ తర్వాత నువ్వు ఎలా అంటే అలా. ఉద్యోగం పోతే పోయింది," అంది.

గురువారం తొమ్మిదింటికి పాటల కొట్టు కిటకిటలాడుతోంది. నాన్న ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు. తలుపు దగ్గర ఓ మూల నిలబడ్డాడు. హీరోయిన్ ఆఖరిసారి అడిగింది. కొట్లో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. ముల్లు లేచింది.

"అయ్యో! ఇంకొక్క నిమిషం ఉంచితే నీ సొమ్మేం పోయింది?" అని అందరూ కొట్టాయన మీద పడ్డారు. నాన్న గుండె మీద చెయ్యి పెట్టుకుని ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తున్నాడు.

నర్సు ఆయన వైపు తిరిగింది. "పెద్దాయనా, మీరు చెప్పండి. వాడేమంటాడు?"

నాన్న నోరు తెరిచాడు. ఆయన చెప్పేస్తే ఇంకేముంది, మధ్యాహ్నానికి ఊరంతా పాకిపోతుంది.

"రేపు వింటారుగా, తొందరేంటి?" అన్నాడాయన.

బయటికొచ్చాక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ నిండాయి.

"నేను వాయించింది జనం ఇన్నేళ్ళూ విన్నారమ్మా, ఎవరు వాయించారో పట్టించుకోకుండా. నేను వాయించేదాని కోసం ఇలా ఊపిరి బిగబట్టి ఆగడం మాత్రం ఎప్పుడూ చూడలేదు." చెయ్యి చాపాడు. "ఆ కాగితం ఇలా ఇవ్వు. పదయ్యేలోగా నేనే వెళ్ళి రేడియో అమ్మాయికి ఇచ్చొస్తాను."