తలుపు బయటి స్టూలు

నేను ఒక ఇనుప స్టూలును. వరంగల్లో ఓ వెల్డింగ్ షాపులో నలభైమంది అన్నదమ్ములతో కలిసి పుట్టాను. చేసినవాడు టీ కోసం హడావిడిగా లేవడంతో నా కాలొకటి పొట్టిదైంది. ఆ కుంటుతోనే లారీ ఎక్కి ఈ పల్లె ఆసుపత్రికి చేరాను. కొన్నాళ్లు మందుల డబ్బాలు మోశాను, కొన్నాళ్లు ఫ్యాన్లు తుడిచేవాళ్ల కాళ్ల కింద నలిగాను. చివరికి ఓపీ గదిలో, రోగి కుర్చీ పక్కన పదవి దొరికింది. తోడొచ్చినవాళ్లు కూర్చునే స్టూలునన్నమాట.

మనుషుల తమాషా అక్కడే చూశాను. నొప్పి ఆడమనిషికి, నోరు మగమనిషికి. "ఎన్నాళ్ల నుంచమ్మా?" అని ఆమెను అడిగితే జవాబు నా మీది నుంచి వచ్చేది.

సదానందం అలాంటివాడే. ఆటో నడుపుతాడు, ఎప్పుడూ నవ్వు ముఖమే. భార్య స్వరూపను మొదటిసారి వాచిన మణికట్టుతో తెచ్చాడు. "బాత్రూంల జారిపడ్డది సిస్టర్" అన్నాడు. రెండోసారి పెదవి చిట్లింది. "బర్రె కొమ్ము తగిలింది" అన్నాడు. నర్సు మార్తమ్మకు అనుమానం వచ్చింది. ఆమెది దాచుకునే నోరు కాదు. "ఏం స్వరూపా, కొట్టిండా?" అని ఆయన ముందే అడిగేసింది. స్వరూప తల అడ్డంగా ఊపింది. సదానందం నా మీద ఊగి ఊగి నవ్వాడు.

ఆ తర్వాత ఏడు నెలలు స్వరూప ఆసుపత్రి గడప తొక్కలేదు. తను ఆయన ముందే అలా అడిగినందుకు ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో తలుచుకుని మార్తమ్మ చాలా రోజులు సరిగా అన్నం తినలేదు. నాకూ సిగ్గేసింది. ఆయనకు ఆ గదిలో చోటిచ్చింది నేనే కదా.

జిల్లాలో ఏదో శిక్షణకు వెళ్లొచ్చిన మర్నాడు మార్తమ్మ నన్నెత్తి తలుపు బయట పెట్టింది. "లోపలికి పేషెంట్ ఒక్కరే" అని కాగితం అంటించింది. కొందరికే అయితే మొగుళ్లు పసిగడతారని అందరికీ అదే పద్ధతి పెట్టింది. అత్తలు అలిగారు. మోకాలి నొప్పితో వచ్చిన సర్పంచి గారు వెంట ముగ్గురు లేకుండా ఎలా వెళ్లడమని గొడవపడ్డారు. నొప్పి ఆయనొక్కడిదేనని మార్తమ్మ నచ్చజెప్పింది.

ఓ మంగళవారం స్వరూప చెవి పట్టుకుని వచ్చింది, వెనకే సదానందం.

"దానికి చెప్పరాదు సిస్టర్, నేను చెప్త."

"అందరికీ గిదే రూలన్నా. మొన్న సర్పంచిని గూడ బయటనే కూసోబెట్టిన."

సదానందం చేసేది లేక నా మీద కూర్చున్నాడు. ఇంతలో ఫోన్ వస్తే మాటల్లో పడ్డాడు. కిటికీలోంచి లోపలి మాటలు నాకొక్కదానికే వినిపించాయి.

"అందరినీ అడుగుతనమ్మా, నిన్నొక్కదాన్నే గాదు. ఇంట్ల నీ మీద ఎవరన్న చెయ్యి చేసుకుంటున్నరా?"

మార్తమ్మ తొందరపెట్టలేదు.

"ఆయనే కొట్టిండు. ఊళ్లె ఎవ్వలకు చెప్పకు సిస్టర్."

"చెప్ప. నువ్వన్నది నేను నమ్ముతున్న. తప్పు నీది గాదు."

అప్పుడు స్వరూప ఏడ్చింది. ఇంటికి పోవడానికి భయమా అని మార్తమ్మ అడిగితే, "బిడ్డ బడి నుంచి వస్తది, పోవాలె" అంది. వదిలేసి రమ్మని మార్తమ్మ గద్దించలేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో, ఎవరు కొట్టారో స్వరూప మాటల్లోనే రికార్డులో రాసుకుంది. కాగితం ఇస్తే ఆయన చేతిలో పడుతుందని ఆపదలో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే 181 ఫోన్ నంబరును మూడుసార్లు పలికించింది. చీటీ మీద మాత్రం "చెవి పరీక్ష, ప్రతి మంగళవారం" అని రాసింది. ఆయనే ఆటోలో తెచ్చి దింపాలని ఆమె ఎత్తు.

మూడు వారాలు అలాగే దింపాడు. నాలుగో మంగళవారం ఆయనకు దూరపు కిరాయి దొరికింది. స్వరూప కూతురితో, బట్టల సంచితో వచ్చింది. "ఫోన్ కలుపు సిస్టర్, నేనే మాట్లాడ్త" అంది. మధ్యాహ్నానికి ఇలాంటి ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే సఖి కేంద్రం బండి వచ్చి ఇద్దరినీ తీసుకెళ్లింది.

సాయంత్రం సదానందం వచ్చాడు.

"మా ఆమె వచ్చిందా?"

"పేషెంట్ల సంగతి బయటికి చెప్పం, అన్నా. నీకేమన్న బాధుంటే చెప్పు, రాసుకుంట."

భార్య నొప్పులన్నీ గడగడా చెప్పినవాడు తన వంతు రాగానే నా మీద కూలబడ్డాడు. కూర్చున్నవాడిని మోయడం నా పని, మోస్తాను. తలుపు బయటే.